ఒక్కటే దర్వాజ ఉన్న వెబ్‌సైటు

మా వంశంలో అడగడం అనేది లేదు. చెప్పడమే. మా తాత చెప్పేవాడు, ఊరు వినేది. మా నాన్న చెప్పేవాడు, వకీళ్ళు వినేవారు. నా వంతు వచ్చేసరికి వినేవాళ్ళెవరూ మిగల్లేదు. చెప్పే అలవాటు మాత్రం నా వెన్నెముకతో పాటు నిటారుగా నిలబడి ఉండిపోయింది. అలాంటి మనిషి నడివయసులో కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే ఏమవుతుందో, ఇప్పుడు చదువు కాగానే కోడ్ రాసేస్తున్న పిల్లలకు కొంత వినోదంగా ఉంటుందని ఇది రాస్తున్నాను.

ఊరి నడుమ రాతి గోడల గడి మాది. దొరల ఇంటిని మా వైపు గడి అంటారు. నేను పుట్టేనాటికే దానిలో సగం కూలింది. మిగతా సగం సంగతి భూ పరిమితి చట్టమూ, మా నాన్న వ్యాజ్యాలూ కలిసి చూసుకున్నాయి. నేను హైదరాబాదు వచ్చి, వారాసిగూడలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, విశ్వవిద్యాలయం దూరవిద్య పరీక్షల విభాగంలో అసిస్టెంటుగా చేరాను. ఇస్త్రీ చెయ్యని చొక్కా తొడగలేదు. కుర్చీలో వెనక్కి వాలలేదు. ఈ రెండింటినీ ఆస్తి కింద లెక్కవేసుకుంటూ ఉద్యోగం చేశాను.

మా విభాగం సూపరింటెండెంటుది మా పక్క ఊరే. వాళ్ళ నాన్న మా భూమి కౌలుకు చేసినవాడు. ఆ సంగతి ఆయన నేను చేరిన రోజే చెప్పేశాడు.

"దొరా, మా నాయిన మీ గడి ముందట చెప్పులు చేతుల పట్టుకొని నడిచెటోడు. ఇయ్యాల నువ్వు నా ముందట ఫైలు చేతుల పట్టుకొని నిలవడ్డవ్. కూసో కూసో. చాయ్ చెప్పిన."

ఆ మాటలో విషం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయన నన్ను చివరిదాకా "దొరా" అనే పిలిచాడు, "నువ్వు" అనే అన్నాడు. నేను "సూపరింటెండెంటు గారూ, మీరు" అనే అన్నాను. మేమిద్దరం రోజూ ఒకే బల్ల మీద టిఫిను డబ్బాలు విప్పేవాళ్ళం.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. క్యాంపస్ గేటు ముందు ఒకరోజు ఊరేగింపు, ఒకరోజు లాఠీ, ఒకరోజు కంట్లో మంట. మా విభాగానికి మాత్రం అన్నిటి అర్థం ఒకటే: పరీక్ష వాయిదా. మా విద్యార్థులు క్యాంపస్‌లో ఉండేవాళ్ళు కారు. ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, సంసారాలు ఈదుకునేవాళ్ళు. ప్రాక్టికల్ పరీక్షలకు మాత్రమే ఇక్కడికి రావాలి. వాయిదా పడిందని వాళ్ళకు చెప్పడానికి మాకు రెండు దారులు. ఒకటి వరండాలో నోటీసు బోర్డు. రెండోది ఒక వెబ్‌సైటు. దాన్ని బయటి మనిషి ఒకడు తయారుచేసి పెట్టాడు. ఏ మార్పు కావాలన్నా అతనికి పంపాలి, అతనికి వీలైనప్పుడు మార్చేవాడు. అతని వీలు ఎప్పుడూ పరీక్ష అయిపోయాకే కుదిరేది.

ఒకరోజు పొద్దున్నే ఆదిలాబాద్ వైపు నుంచి ఒక తల్లి చంటిబిడ్డతో వచ్చింది. రాత్రంతా బస్సులో ప్రయాణం. ముందురోజే వాయిదా పడిన పరీక్షకు వచ్చింది. నోటీసు బోర్డు కింద కూర్చుని బిడ్డకు పాలసీసా పడుతూ, నన్ను చూసి అడిగింది.

"ఓ మాట ముందుగాల చెప్తే ఏం పోయె సార్ మీది?"

గట్టిగా అనలేదు. గట్టిగా అంటే రూల్సు చెప్పి తప్పుకునేవాణ్ణి. నా నోటి నుంచి నాకు తెలియకుండానే మా తాత గొంతు వచ్చింది.

"వచ్చే పరీక్షకు మీరు వృథాగా రారు. ఇది నా మాట."

ఆమె వెళ్ళాక సూపరింటెండెంటు అద్దాలు తీసి నన్ను తేరిపార చూశాడు. "మాటిచ్చినవ్. మంచిదే. ఎట్ల చేస్తవ్ మరి?"

"వెబ్‌సైటు నేనే తయారుచేస్తాను."

"నీకు వస్తదా?"

"నేర్చుకుంటాను."

"అరె, దొర నేర్చుకుంటడట!" అన్నాడు గోడ మీది క్యాలెండర్‌తో. "తప్పితే ఆ తల్లికి మొఖం ఎట్ల చూపిస్తవో చూస్కో."

తార్నాకలో ఒక మందుల దుకాణం పైన చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రం ఉండేది. అక్కడ చెప్పే అమ్మాయి వయసు నా వయసులో సగం. వాళ్ళది గుంటూరు వైపు కుటుంబం, తండ్రి చర్చి బళ్ళో పంతులుగా చేసి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను మొదటి రోజు ఇస్త్రీ మడతలతో వెళ్ళి నిలబడగానే ఆ అమ్మాయి, "రండి అంకుల్, అబ్బాయిని చేర్పించడానికా?" అంది.

"నేనే చేరడానికి. నన్ను అంకుల్ అనవద్దు."

ఆమె కాస్త ఆలోచించింది. "సరే, అంకుల్ గారూ," అంది. అంతకు మించి ఆమె దిగలేదు, నేనూ ఎక్కలేదు.

మొదటి పాఠం ఇప్పటికీ గుర్తుంది. కిటికీలోంచి కింద ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్ చూపించింది. "ఆ గోడ మీద ఇడ్లీ, వడ, పూరీ అని పెయింటుతో రాసుంది చూశారాండీ? అది మీ పాత వెబ్‌సైటు. వడ అయిపోయినా గోడ వడే అంటుంది. మార్చాలంటే పెయింటర్ రావాలి. ఇప్పుడు లోపల సర్వర్ కుర్రాణ్ణి అడగండి. వాడు వంటింట్లోకి తొంగిచూసి, వడ లేదు సార్, పూరీ వేడిగా ఉంది అంటాడు. అదే డైనమిక్ వెబ్‌సైటు. ఎవరో అడగాలి, అది వెళ్ళి చూసి చెప్పాలి. అడగటంలోనే ఉందండీ అంతా."

అడగటంలోనే ఉందట. మా వంశానికి బాగా చెప్పింది.

నేను రాసిన మొదటి పేజీలో ఒక గడి పెట్టాను. అంటే రాతి గడి కాదు, పేరు రాసే చిన్న డబ్బా. అందులో ఎవరి పేరు కొడితే, వాళ్ళను పేరు పెట్టి పిలిచి నమస్కారం చెబుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో నా పూర్తి పేరు, మా ఇంటి బిరుదుతో సహా కొట్టాను. "నమస్కారం" అంటూ ఆ బిరుదంతా వదలకుండా నాకు తిరిగి వచ్చింది. నన్ను అలా పిలిచినవాళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ పిలిచింది. పక్క కుర్చీలో డిగ్రీ కుర్రవాడు "సార్ పేజీ ఒక్కచోటే ఆగిపోయింది మేడమ్" అని ఫిర్యాదు చేశాడు. ఆ అమ్మాయి వచ్చి తెర చూసి, నా మొహం చూసి, "పని చేస్తోందిలే, చూసుకోనీ," అని వెళ్ళిపోయింది. ఆ మర్యాదకే ఆమెను గురువుగా ఒప్పుకున్నాను.

తర్వాత తప్పులు మొదలయ్యాయి. వాక్యం చివర సెమికోలన్ పెట్టకపోతే పేజీ మొత్తం తెల్లబోయేది. గంటసేపు తలకిందులయ్యేవాణ్ణి తప్ప, ఎవరినీ అడిగేవాణ్ణి కాదు. ఆ అమ్మాయి నా వెనక నిలబడి, గాలితో మాట్లాడుతున్నట్టు, "ఎక్కడో పన్నెండో వరుసలో ఏదో లోటుగా ఉందనిపిస్తోంది," అనేది. నేను నాకే తట్టినట్టు దిద్దుకునేవాణ్ణి. బందు రోజుల్లో కేంద్రం షట్టరు సగం దించి పాఠం చెప్పేది. కింద జై తెలంగాణ నినాదాలు వినిపిస్తుంటే ఒకసారి అంది: "మమ్మల్ని ఆంధ్రోళ్ళంటారు అంకుల్ గారూ. నేను పుట్టింది ఆ నల్లకుంట ఆసుపత్రిలోనేనండీ. మా ఊరెళ్తే హైదరాబాదు పిల్లంటారు." "ఇక్కడ మిమ్మల్ని ఎవరైనా ఏమన్నా అంటే నాకు చెప్పండి," అన్నాను. "చెబితే ఏం చేస్తారు?" అంది. నిజమే, ఏం చేస్తాను? ఇద్దరం నవ్వుకున్నాం.

నెలలు గడిచాక సైటు తయారైంది. క్యాంపస్ కంప్యూటర్ సెంటర్‌వాళ్ళు తమ సర్వర్‌లో చోటిచ్చారు. విద్యార్థి సైటు తెరవగానే ఆ క్షణానికి ఏ పరీక్ష ఉందో, ఏది వాయిదానో కనిపిస్తుంది. మార్చడానికి లోపల వేరే పేజీ. ఆ లోపలి పేజీని నేను మా గడిలాగే కట్టాను. నా ఆఫీసు కంప్యూటర్ నుంచి తప్ప తెరుచుకోదు. నా పాస్‌వర్డ్ తప్ప ఒప్పుకోదు. తప్పు కొడితే "మీకు అనుమతి లేదు, వెనక్కి వెళ్ళండి" అని ఇంగ్లీషులో చెబుతుంది. మూడుసార్లు తప్పితే ఆ రోజుకు తలుపు మూసేసుకుంటుంది.

"ఒక్కరికే ఇస్తే ఎలాగండీ? మీకు జ్వరమొస్తే?" అంది నా గురువు.

"మా ఇంట్లో జ్వరానికి పని ఆగదు."

సూపరింటెండెంటు కూడా అడిగాడు. "నాకూ ఒక తాళంచెవి ఇయ్యరాదు దొరా?"

"బాధ్యత ఒక్కరి చేతిలో ఉంటేనే మంచిదండి."

"గడికి ఒకటే దర్వాజ పెట్టినవన్నట్టు," అన్నాడాయన నవ్వుతూ. "మంటలంటుకుంటే లోపటోళ్ళు ఎట్ల బయటవడాలె?"

పాతకాలపు పోలిక అనుకుని ఊరుకున్నాను.

ప్రాక్టికల్స్ మళ్ళీ వచ్చాయి. పరీక్షకు ముందురోజు పొద్దున నేను వారాసిగూడ నుంచి నడుచుకుంటూ బయల్దేరాను. బస్సుల్లేవు. తార్నాక చౌరస్తాకు వచ్చేసరికి రోడ్డు మధ్యలో రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెద్ద గుండిగలు, చుట్టూ విద్యార్థులు. వంటా వార్పు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే కూర్చుని తిని, దారి ఆపడం అప్పటి నిరసన పద్ధతి. డప్పులు మోగుతున్నాయి. అవతల క్యాంపస్ దారికి అడ్డంగా ఇనుప కంచెలు, పోలీసులు. గుర్తింపు కార్డు చూపించాను. "ఎవ్వరికీ లేదు సార్, లోపటోళ్ళు లోపట, బయటోళ్ళు బయట," అన్నాడు కానిస్టేబులు.

అప్పుడే ఫోన్ మోగింది. సూపరింటెండెంటు. ఆయన క్వార్టర్స్ క్యాంపస్‌లోపలే కనుక ఆఫీసుకు చేరాడు.

"దొరా, రేపటి నుంచి రస్తా రోకో అంట. పరీక్ష వాయిదా వేసిన్రు. జల్ది సైటుల పెట్టు. దూరపోళ్ళు మధ్యాహ్నమే బస్సెక్కుతరు."

నేను కంచె వైపు చూశాను. నా కంప్యూటర్ అటుపక్క ఉంది, నేను ఇటుపక్క ఉన్నాను. ఏ నెట్ సెంటరు తెరిచి ఉన్నా ప్రయోజనం లేదు. అలా కట్టింది నేనే. ఆదిలాబాద్ తల్లి ఈపాటికి సంచీ సర్దుకుంటూ ఉంటుంది.

"మీరు నా కంప్యూటర్ ముందు కూర్చోండి," అన్నాను. "పాస్‌వర్డ్ చెబుతాను."

అక్కడ నా నాలుక ఆగింది. ఆ పాస్‌వర్డ్ ఏమిటో మీకు చెప్పాలి. మా తాత గడి దాటి బయటికి వచ్చేముందు కావలివాడు ఒక కేక వేసేవాడట. అది వినగానే దారిలో ఉన్నవాళ్ళు పక్కకు జరిగి చెప్పులు విడిచేవారట. ఆ కేకనే ఇంగ్లీషు అక్షరాల్లో పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నాను. రోజూ పొద్దున దాన్ని కొట్టి లోపలికి వెళ్ళడంలో ఒక సంతోషం ఉండేది. ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను.

ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కొక్క అక్షరం గొణిగాను. చుట్టూ డప్పులు.

"నీ గడి నన్ను గో బ్యాక్ అంటున్నది దొరా," అన్నాడాయన.

ఒక దుకాణం మెట్ల పక్కకు జరిగి మళ్ళీ గొణిగాను. డప్పులు నా వెనకే వచ్చినట్టు మోగాయి.

"మల్ల గో బ్యాక్! గట్టిగ చెప్పవయ్యా, నువ్వేమన్న పెండ్లిపిల్లవా? ఇంకొక్కటే ఉన్నదట, తర్వాత బంద్ అంట."

ఇక ఒక్కటే మిగిలింది. గుండిగలో పెద్ద గరిటె తిప్పుతున్న ఒక విద్యార్థిని దగ్గరకు వెళ్ళాను. ఆ వంటకు పెద్ద ఆమే అని గరిటె పట్టుకున్న తీరే చెబుతోంది. నా జీవితంలో అన్న గుర్తు లేని మాట అన్నాను.

"అమ్మా, దయచేసి ఒక్క నిమిషం ఆ డప్పులు ఆపించగలవా? రేపటి ప్రాక్టికల్స్ వాయిదా పడ్డాయి. ఊళ్ళ నుంచి బయల్దేరేవాళ్ళకు చెప్పాలి. ఫోన్ వినపడటం లేదు."

"దూరవిద్యవాళ్ళదా సార్? అయ్యో, మా వదిన రావాలె రేపు!" గరిటె పైకెత్తింది. "అరేయ్, ఆపుండ్రిరా! సార్ మాట్లాడాలె!"

డప్పులు ఆగాయి. నినాదాలు ఆగాయి. తార్నాక చౌరస్తా అంత నిశ్శబ్దంగా ఉండగా నేను ముందెప్పుడూ వినలేదు, తర్వాతా వినలేదు. వందలమంది నా వైపు చూస్తున్నారు. నేను వెన్ను నిటారుగా చేసి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, తడబడకుండా, కావలివాడి కేక నేనే వేశాను.

"దొరవారు వస్తున్నారు!"

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత గుండిగల వెనక నుంచి ఎవరో, "ఏ దొర సార్? ఏ దిక్కుకెళ్ళి వస్తున్నడు?" అన్నారు. చౌరస్తా అంతా నవ్వింది. కానిస్టేబులు కూడా నవ్వాడు.

"అది పాస్‌వర్డ్," అన్నాను, వీలైనంత హుందాగా.

అవతల ఫోన్‌లో నవ్వు లేదు. కాసేపటికి సూపరింటెండెంటు గొంతు వచ్చింది. "ఇది మీ గడి ముందటి కేక కదా దొరా?"

"అవునండి."

"మా నాయిన ఈ మాట ఇనవడంగనే చెప్పులిడిచి పక్కకు జరిగెటోడు." అవతల కుర్చీ ముందుకు జరిగిన చప్పుడు వినిపించింది. "నేను కుర్చీల కూసొని టైపు చేస్తున్న. చెప్పు, ఒక్కొక్క అక్షరం చెప్పు."

"డి," అన్నాను.

"డి!" అంది వంటా వార్పు మొత్తం, పిడికిళ్ళు ఎత్తి.

"ఓ."

"ఓ!"

అలా మా వంశ గౌరవం ఒక్కొక్క అక్షరంగా తార్నాక చౌరస్తాలో నినాదమైంది. ప్రతి అక్షరానికీ డప్పు మీద ఒక దెబ్బ పడింది. చివరి అక్షరం అవగానే అందరూ నాకంటే ఆత్రంగా ఫోన్ వైపు చూశారు.

"లోపటికి వచ్చిన," అన్నాడు సూపరింటెండెంటు. "ఏది నొక్కాలె ఇప్పుడు?"

చెప్పాను. పరీక్ష ఎదురుగా ఉన్న డబ్బాలో టిక్కు పెట్టి, కింద బొత్తాం నొక్కమన్నాను. గరిటె అమ్మాయి అప్పటికే తన ఫోన్‌లో మా సైటు తెరిచి పట్టుకుంది. పేజీ నెమ్మదిగా, మెట్లు దిగుతున్న ముసలివాడిలా వచ్చింది. "పోస్ట్‌పోన్డ్! వచ్చింది సార్!" అని అరిచి, అదే ఊపులో నంబరు కొట్టింది. "వదినా, బస్టాండ్‌కు పోకు. రేపు లేదు. లేదంటున్న కదా, సైటుల ఉన్నది, నెట్ సెంటర్‌కు పోయి నీ దోస్తులందరికీ చూపియ్యి!"

నేను వెనక్కి తిరగబోతే ఆమె విస్తరి చేతిలో పెట్టింది. "తినిపోండ్రి సార్. ఇంత కేక వేసిన్రు, ఆకలి కాలేదా?"

తినడానికి కుర్చీ ఉండదని నాకు తెలుసు. తారు రోడ్డు మీద కాళ్ళు మడిచి కూర్చున్నాను. ఒక పక్క మెదక్ కుర్రవాడు, ఒక పక్క అంబర్‌పేట్ ఆటో డ్రైవరు. పొగ వాసన పట్టిన అన్నం, పప్పు, చింతపండు తొక్కు. నేను వెన్ను వంచకుండా ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం చూసి ఆ అమ్మాయి, "ఒంగితే నడుము ఇరుగుతదా సార్?" అంది. కాస్త వంగాను. విరగలేదు. రెండోసారి పప్పు వేయించుకున్నాను.

ఆ ఆదిలాబాద్ తల్లి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత జరిగిన పరీక్షకు ఆమె వచ్చింది. బిడ్డ నడుస్తున్నాడు. నోటీసు బోర్డు వైపు కూడా చూడకుండా, నన్ను గుర్తుపట్టకుండా, నేరుగా ల్యాబులోకి వెళ్ళిపోయింది. సన్మానాలు మీరెన్నయినా పొందండి, అలాంటిది దొరకదు.

వాయిదా పడిన మర్నాడు మాత్రం పెందలాడే బయల్దేరాను. ఎవరైనా తెలియక వచ్చి ఉంటారని భయం. ఆ రోజు కంచె కాస్త పక్కకు జరిపి సిబ్బందిని వదిలారు. నేరుగా వరండాకు వెళ్ళాను. నోటీసు బోర్డు కింద ఎవరూ లేరు. ఒక కుక్క పడుకుని ఉంది. దానికి పరీక్ష లేదు. అక్కడ నిలబడి ఆ ఖాళీని తనివితీరా చూశాను.

లోపల సూపరింటెండెంటు చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. ఆయన ఎన్నడూ లేవలేదు.

"తార్నాక అంతటికీ మీ గడి తాళంచెవి తెలిసిపోయింది దొరా. ఇగ మార్చాలె."

"మారుస్తున్నానండి," అన్నాను. అంతకుముందే నా గురువుకు ఫోన్ చేసి, ఎక్కువమందికి వేరువేరుగా ప్రవేశం ఎలా ఇవ్వాలో అడిగి తెలుసుకున్నాను. అవును, అడిగాను. ఆ అమ్మాయి అంతా చెప్పి, "అంకుల్ గారూ, ఒంట్లో బాగానే ఉందాండీ?" అంది.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. ఏ కంప్యూటర్ నుంచైనా తెరుచుకునేలా చేశాను. "వెనక్కి వెళ్ళండి" తీసేసి, "మళ్ళీ ప్రయత్నించండి" అని పెట్టాను. సూపరింటెండెంటును పిలిచి, నా కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన పేరు రాసిన డబ్బా చూపించాను.

"ఇక్కడ మీకు నచ్చిన పాస్‌వర్డ్ పెట్టుకోండి. ఎవరికీ చెప్పకండి. నాక్కూడా."

ఆయన అద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. ఒక వేలు పైకెత్తి, కీబోర్డు మీదికి తెచ్చి, ఆపాడు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ నన్ను తలెత్తి చూశాడు.

"దొరా, అటు తిరుగు."

గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక ఒంటి వేలితో, తాపీగా, ఆయన కొట్టుకుంటూ పోయాడు. చాలా పొడుగు మాటే పెట్టుకున్నాడు.